నాగవ్వ నీళ్లెందుకు తాగదు

స్టెల్లాకు చిన్నప్పటి నుంచీ ఒకటే జబ్బు. ఏదైనా ఎందుకలా ఉందో తెలిసేదాకా అన్నం సహించదు. లిఫ్టు ఎవరూ నొక్కకుండానే మూడో అంతస్తులో ఎందుకు ఆగుతోంది, ఎదుటి ఫ్లాట్ అమ్మాయి ఉన్నట్టుండి చీకటి పడ్డాక బట్టలెందుకు ఆరేస్తోంది, ఇవన్నీ ఆమెకే కావాలి. బహ్రెయిన్‌లో హూరా అనే పేటలో హైదరాబాదీ రౌషన్ భాయ్ జ్యూస్ దుకాణంలో పళ్లు కోసే పని ఆమెది. అక్కడికి వచ్చేవాళ్లలో సగంమంది జ్యూసు తాగేలోపు తమ ఇంటి గుట్టంతా అప్పజెప్పి పోతుంటారు. అలాంటి మనిషి పక్క మంచం మీద నీళ్లు తాగని నాగవ్వ ఉంటే ఊరుకుంటుందా?

నాగవ్వది జగిత్యాల వైపు పల్లె. యాభై దాటింది. సీఫ్‌లో ఒక మాల్‌లో క్లీనింగ్ డ్యూటీ చేస్తుంది. ఊరికి ఫోన్ చేస్తే దుబాయిలో ఉన్నాననే చెప్పుకుంటుంది, బహ్రెయిన్ అంటే అదెక్కడ అని మళ్లీ అడుగుతారని. స్టెల్లాది అమలాపురం దగ్గర. శుక్రవారం చర్చిలో జరిగే తెలుగు కూడికలో ఇద్దరికీ పరిచయమై, ఆ పరిచయం ముదిరి హూరాలో ఒకే గదిలో చేరారు. స్టెల్లా ఆమెను పిన్నీ అంటుంది, ఆమె ఈమెను బిడ్డా అంటుంది.

ఎండలు ముదిరాక ఒకరోజు నాగవ్వకు నడుము పక్కన నొప్పి లేచింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. కిడ్నీలో రాళ్లున్నాయన్నాడు డాక్టరు. చిన్నవే, నీళ్లు బాగా తాగితే వాటంతటవే పోతాయి, తాగకపోతే ఆపరేషన్ తప్పదని చెప్పాడు. కంపెనీవాళ్లు ఇంకో మాట చెప్పారు. ఇంకోసారి నొప్పి అని పడుకుంటే ఖలాస్, టికెట్ తీసి ఇంటికి పంపేస్తామన్నారు. ఊళ్లో నాగవ్వ కట్టుకుంటున్న రెండు గదులకు గోడలు లేచాయి గానీ ఇంకా స్లాబు పడలేదు. భర్త పోయాక ఆమె పిల్లలతో ఏళ్ల తరబడి బావగారింటి వసారాలో పడుకుంది. స్లాబు పడకముందే పంపేస్తే మళ్లీ ఆ వసారాకే పోవాలి. రాళ్ల నొప్పికన్నా ఆమెకు అదే భయం.

అంటే నీళ్లు తాగాలి, అంతే కదా. ఇంత సులువైన మందు ఏ డాక్టరిస్తాడు చెప్పండి. కానీ నాగవ్వ తాగదు. పొద్దున గుక్కెడు చాయ్, డ్యూటీ నుంచి వచ్చాక అన్నంలోకి ఓ గ్లాసెడు నీళ్లు, అంతటితో సరి. పెదాలు ఎండి పగిలి ఉండేవి.

"ఎందుకు తాగవు పిన్నీ?"

"దూపయితలేదు బిడ్డా."

ఆగస్టు నెల, బహ్రెయిన్ ఎండ, దాహం వేయడం లేదట. ఈ మాట స్టెల్లా కాదు కదా, పసిపిల్ల కూడా నమ్మదు.

స్టెల్లా బాగా ఆలోచించి నేరం నీళ్ల మీద మోపింది. పంపు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కొనే నీళ్లు ప్లాస్టిక్ వాసన కొడతాయి. ఊళ్లో బోరింగు నీళ్లు తాగిన నాలుక వీటిని ఒప్పుకోవడం లేదు కాబోలు. అయితే నీళ్ల రుచే మార్చేద్దామని నడుం కట్టింది.

మొదట నిమ్మకాయను తొక్కతోనే చక్రాలుగా కోసి, నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లారేసరికి నీళ్లు చేదెక్కాయి. ఎందుకా అని ఆమె ఇంకో సీసాలో తొక్క తీసి వేసి చూసింది. అందులో చేదు లేదు. మర్నాడు కీరదోస ముక్కలు, అరచేతిలో నలిపిన పుదీనా వేసింది. తరిగి వేస్తే నీళ్లు పచ్చివాసన వస్తున్నాయి, నలిపితే కమ్మగా ఉన్నాయి. పుచ్చకాయ ముక్కలు మాత్రం రాత్రికి రాత్రే మెత్తబడి పరువు తీశాయి. అనాసపండు మధ్య బొడ్డు దుకాణంలో పారేసేదే, దాన్ని తెచ్చి అల్లం ముక్కతో కలిపి నానబెడితే బ్రహ్మాండంగా కుదిరింది. దుకాణానికి రోజూ వచ్చే ఒక బహ్రెయినీ పెద్దావిడ నల్లటి ఎండు నిమ్మకాయలిచ్చి, చిల్లు పొడిచి నీళ్లలో వేయమంది. అవి వేస్తే నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. స్టెల్లా అవి కూడా చప్పరించి చూసి, ఈ పులుపు ఎందుకు వేరేగా ఉందా అని ఒక పూటంతా ఆలోచించింది.

"ఏమ్మా, నా పక్కనే ఇంకో దుకాణం పెడ్తున్నవా?" అన్నాడు రౌషన్ భాయ్, ఆమె సంచిలోకి పోతున్న ముక్కల్ని చూసి.

ఇంత చేసి సీసా చేతికిచ్చి ఎలా ఉంది పిన్నీ అంటే, నాగవ్వ పెదాలు మాత్రం తడిపి, "మంచిగనే ఉన్నది బిడ్డా" అనేది. చేదెక్కిన నిమ్మనీళ్లకూ అదే మాట, అనాసపండు నీళ్లకూ అదే మాట. సీసా మాత్రం పెట్టినచోటే నిండుగా ఉండేది. స్టెల్లాకు చిర్రెత్తుకొచ్చేది.

ఒకరోజు మూలనున్న కూరగాయల కొట్లో ఘుమఘుమలాడే ఆకుల కట్ట కనిపించింది. ఇక్కడివాళ్లు దాన్ని మష్మూమ్ అంటారు, ఆడవాళ్లు జడల్లో కూడా పెట్టుకుంటారు. స్టెల్లా ముచ్చటపడి కొని, నారింజ చక్రాలతో కలిపి నీళ్లలో వేసింది. నాగవ్వ గ్లాసు ముక్కు దాకా తెచ్చి ఆగిపోయింది. మెల్లగా కింద పెట్టేసింది.

"గీ నీళ్లు ఎవలకు పోస్తరో ఎరుకేనా బిడ్డా?"

"ఎవరికి?"

"పానం పోయేటోళ్లకు. మా ఆయనకు నేనే పోసిన. నోట్లెకు పోలే, పక్కకెళ్లి కారిపోయినయ్."

అప్పుడు వాసన చూసింది స్టెల్లా. అచ్చం తులసి వాసన! ఆమె పుట్టుకతోనే చర్చి మనిషి. వాళ్లింట్లో చివరి ఘడియలో కీర్తన పాడతారు, ప్రార్థన చేస్తారు, నోట్లో ఏమీ పోయరు. నాగవ్వ బాప్తిస్మం తీసుకుంది భర్త పోయిన తర్వాతే. స్టెల్లా గబగబా గ్లాసు తీసుకెళ్లి సింకులో పారబోసి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చాలా బాధేసింది.

చివరికి నాగవ్వే ఓదార్చింది. "గట్ల మొఖం పెట్టకు బిడ్డా. రేపటి సంది సీస నింపియ్యి, డ్యూటీకి తీస్కపోత."

అన్నమాట ప్రకారం మర్నాటి నుంచి సీసా నిండుగా వెళ్లి ఖాళీగా రావడం మొదలైంది. స్టెల్లాకు కాళ్లు నేల మీద ఆనలేదు. శుక్రవారం కూడికలో లేచి నిలబడి, ఇది దేవుడు చేసిన మేలేనని సాక్ష్యం కూడా చెప్పేసింది. ఆ ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. నాగవ్వకు మళ్లీ నొప్పి వచ్చింది. కంపెనీకి తెలియకూడదని పళ్ల బిగువున ఓర్చుకుని, ఒంగిపోయి డ్యూటీకి పోయింది.

సీసా ఖాళీ అవుతుంటే నొప్పెందుకు వచ్చింది? స్టెల్లా తల బద్దలు కొట్టుకుంది. ఇక లాభం లేదని, సెలవు రోజున బస్సెక్కి సీఫ్‌కు వెళ్లింది.

మాల్‌లో మొదటి అంతస్తు లేడీస్ టాయిలెట్ దగ్గర నాగవ్వ ట్రాలీ కనిపించింది. మనిషి లోపల అద్దాలు తుడుస్తోంది. స్టెల్లా ట్రాలీ కింద ఉన్న బకెట్‌లోకి చూసింది. మాప్ ముంచే నీళ్లలో నిమ్మ చక్రాలు తేలుతున్నాయి. వాటి పక్కన ఆ పొద్దున తన అరచేతిలో నలిపిన పుదీనా. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేంటి పిన్నీ?"

నాగవ్వ చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకుని నిలబడింది. "పారబొయ్యబుద్ధి గాలే బిడ్డా. బండలన్న మంచిగ వాసనొస్తయని."

"తాగొచ్చు కదా. తాగితే ఏం పోతుంది నీకు?"

"తాగినంక పోవాలె గద."

"ఎక్కడికి?"

నాగవ్వ గడ్డంతో వెనకాల తలుపుల వరస చూపించింది. "ఇయ్యన్ని కస్టమర్లయి. మాది కింద, కార్లు వెట్టే కాడికెళ్లి అవుతల. పోయే ముందట సూపర్‌వైజర్‌కు ఫోన్ జేసి చెప్పాలె. వాడు మా చిన్నోనంత గుడ లేడు. మల్లా పోతవా అంటడు, తన కాడ ఉన్న నలుగురి నడుమ. అందరు నవ్వుతరు. గందుకే నీళ్లే ముట్ట, గట్లనే అలవాటయ్యి ఇంటికాడ గుడ తాగబుద్ధి గాదు."

దుకాణంలో స్టెల్లాకు అవసరమైతే వెనక తలుపు తీసుకుని వెళ్లి వస్తుంది, ఎవరినీ అడగదు. రోజూ ఏ రుచి కావాలి ఏ రుచి కావాలి అని ఈ మనిషిని వేధించింది గానీ, ఈ సంగతి మాత్రం అడగాలని తోచలేదు. తన మీద తనకే రోత పుట్టింది. తలుపులు చూసింది. అన్నీ నాగవ్వ తన చేతులతో కడిగినవే, మెరుస్తున్నాయి.

అయినా జబ్బు జబ్బే కదా, మళ్లీ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నువ్వు కడిగేటప్పుడు లోపలికి ఎవరైనా వస్తారా?"

"రారు. పసుపు బోర్డు పెడ్త, నేల తడున్నదని."

"పెట్టేదెవరు?"

"నేనే."

"తీసేదెవరు?"

"నేనే. ఏమైంది?"

స్టెల్లా ట్రాలీకి తగిలించిన బోర్డు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబెట్టింది. మాప్ చేతిలోకి తీసుకుని, "వెళ్లు పిన్నీ" అంది.

"ఎవలన్న జూస్తే?"

"క్లీనింగ్ జరుగుతోంది. ఎవరు చూస్తారు?"

నాగవ్వ గుమ్మం వైపు ఒకసారి చూసింది. తరువాత ఒక తలుపు తోసుకుని లోపలికి పోయింది, గడియ పడింది. ఇంతలో షాపింగ్ సంచులతో ఒకావిడ వచ్చింది. స్టెల్లా శుక్రవారం కూడికకు కట్టుకునే చీరలోనే మాప్ పట్టుకుని నిలబడి, "క్లీనింగ్, మేడమ్" అంది. ఆవిడ మారుమాట లేకుండా వెనక్కి తిరిగింది. స్టెల్లా గుమ్మంలోంచి అడుగు కదపలేదు.

నాగవ్వ బయటికి వచ్చి చేతులు కడుక్కుంది, మొహం కడుక్కుంది. బోర్డు తనే తీసి, తనే ట్రాలీకి తగిలించింది.

ఆ వారం స్టెల్లా సీసా గురించి నోరెత్తలేదు. అడగాలని ప్రాణం కొట్టుకున్నా నిగ్రహించుకుంది. ఒక సాయంత్రం ఆమె వంటగదిలో అనాసపండు బొడ్డు కోస్తుంటే, నాగవ్వ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అల్లం జర తక్కువెయ్యి బిడ్డా. గొంతు మండుతున్నది."

స్టెల్లా కత్తి ఆపింది. "మొదట్నుంచీ అంతే వేస్తున్నాను కదా పిన్నీ. ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"తాగితే గద బిడ్డా, తెలిసేది."