అగ్గిపుల్లల పోస్టాఫీసు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా ఊరి పాత పోస్టుమాస్టరు పోయినాడని మొన్న మంగళవారం గుడియాత్తం బస్సులో కండక్టరు చెప్పినాడు. ఇంటికొచ్చి కాయితం తీసినాను, మళ్లీ మడిచి పెట్టేసినాను. ఆయనకు పొడుగు రాతలు గిట్టవు. "కార్డులో పట్టనిది మనసులో పెట్టుకోప్పా" అనేవాడు. అట్లా పెట్టుకున్నది నా దగ్గర ఒకటుంది. ఇంక పెట్టుకోలేను.

నాది అగ్గిపెట్టెల కార్ఖానా. ఒకప్పుడు మా పక్క ఇంటింటా పెట్టెలు అంటించేవాళ్లు. తర్వాత లైటర్లు వచ్చినాయి. ఆ ఏడుపు ఇక్కడ వద్దు. పాతికేళ్ల కిందట మద్రాసు నుంచి ఒకమ్మ వచ్చింది. పిల్లల కోసం టీవీలో బొమ్మల సీరియల్ తీస్తుందంట. దానికి మూరెడు పొడుగున, అగ్గిపుల్లలతో పల్లెటూరి పోస్టాఫీసు కావాలంట. బొమ్మను గోరంత జరిపి ఒక ఫోటో, మళ్లీ గోరంత జరిపి ఇంకో ఫోటో. అన్నీ వరసగా తిప్పితే బొమ్మ నడుస్తుంది. పోస్టుమాన్ బొమ్మ గడప దాటేదానికి ఒక పూట పడుతుందని ఆమె చెప్పింది.

నేను మా ఊరి పోస్టాఫీసునే కట్టినాను. అప్పగించే ముందు పోస్టుమాస్టరును పిలిచినాను. అప్పటికే రిటైరైనాడు. గొడుగు పక్కన పెట్టి, గొంతుక్కూర్చొని చూసినాడు. ఒక పూటకు ఒక గడప అంటే నవ్వి, "మా పోస్టుమాన్ కంటే వీడే నయంప్పా" అన్నాడు.

"జిగురు డబ్బా యాడ?"

"కిటికీ పక్కన, సార్."

"పెన్నుకు దారం?"

"కట్టినాను."

"పాళీ ఉండాదా?"

"ఉండాది."

"తీసెయ్. మన పెన్నుకు పాళీ యాడుండె?"

తర్వాత బోర్డు చూసినాడు. "ఇది తప్పు."

తమిళం, హిందీ, ఇంగ్లీషు, మూడు భాషలూ తళతళలాడేటట్టు రాయించినాను. నిజం బోర్డు అట్లా లేదు. హిందీ వద్దని తమిళనాడంతా రగిలిన రోజుల్లో ఆ బోర్డు మీద హిందీ వరసకు తారు పూసింది నేనే. ఇరవై ఏండ్లు నాకు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, హిందీ ఒక్క ముక్క రాదు. రాని భాష మీద అంత కోపం ఎట్లా వచ్చిందని అడగొద్దు, వచ్చింది. తెల్లవారుతుండగా ముగ్గురం పోయినాము. నేను నిచ్చెన మీద ఉండగా "పోలీసులు!" అని ఎవరో అరిచినారు. నిచ్చెన ఒరిగింది. కింద రాతి మెట్లు. అంతలో ఎవరో గట్టిగా పట్టుకున్నారు. దిగి, వెనక్కి చూడకుండా పరిగెత్తినాను. పట్టుకున్నది నాతో వచ్చిన స్నేహితుల్లో ఒకడే అనుకొని ముప్పై ఏండ్లు వానికి టీ పోయించినాను. వాడూ ఏమీ అనకుండా తాగినాడు.

పోలీసులు అడిగితే పోస్టుమాస్టరు, "లోపల ముద్రలు కొడతా ఉంటిని, తల ఎత్తలే" అన్నాడంట.

ఆ పొద్దు నా బొమ్మ పోస్టాఫీసు ముందర ఆయన ఒక పుల్ల గీసి, ఆర్పి, ఆ నల్లటి కొనతో నా చిన్న బోర్డు మీద హిందీ వరస పూసినాడు. చివరి అక్షరం దగ్గర ఆగినాడు.

"అదీ పూయండి సార్."

"నువ్వు పూయలేదు కదప్పా. అక్కడికొచ్చినప్పుడే కదా నిచ్చెన ఒరిగింది."

"మీరు లోపల ఉంటిరి కదా సార్?"

"లోపలే ఉండుంటే నువ్వు ఈ పొద్దు పుల్లలు అంటిస్తా ఉంటావా?"

ఆయనది సెంట్రల్ సర్కారు ఉద్యోగం. తెలిసుంటే ఊడిపోయేది. బోర్డు పాడైందని పై ఆఫీసుకు రిపోర్టు రాసిందీ ఆయనే. కొత్తది మాత్రం రానే లేదు.

"ఎందుకు పట్టుకుంటిరి సార్?"

"బోర్డు పోతే ఇంకోటి పంపిస్తారు. మీ అమ్మకు ఇంకొకణ్ణి యాడ నుంచి పంపిస్తారప్పా?"

దండం పెట్టాలనుకున్నాను. "కాఫీ తాగుతారా సార్" అనే మాటొక్కటి బయటికొచ్చింది.

"చక్కెర తక్కువ" అన్నాడు.

మద్రాసు అమ్మ బోర్డు చూసి మొహం చిట్లించింది. "ఈ మరక తుడిపించండి. లేకుంటే నాకొద్దు."

నెల రోజుల పని. అయినా, "మా ఊరి పోస్టాఫీసు ఇట్లనే ఉంటుందమ్మా. వద్దంటే ఇక్కడే పెట్టిపో" అన్నాను. ఆమె దాన్ని అట్లనే కారులో పెట్టుకొని పోయింది. టీవీలో బొమ్మ గడప దాటేటప్పుడు ఆ బోర్డు కంటి రెప్పపాటు కనపడింది, చివరి అక్షరంతో సహా.

మరుసటి రోజు పోస్టుమాస్టరు బజార్లో ఎదురుపడినాడు. "చూస్తినప్పా. జిగురు డబ్బా కనపడలే."

ఆ దండం ఎన్నటికీ పెట్టలేదు. పోయిన శుక్రవారం మా పోస్టాఫీసుకు కొత్త బోర్డు తగిలించేదానికి ఒక మనిషి వచ్చినాడు. నిచ్చెన ఊగతా ఉండింది. పోయి పట్టుకున్నాను.