లైన్ క్లియరా?

"లైన్ క్లియరా?" అని దవాఖాన మంచం మీద జ్వరంలో అడిగాడు నా పెనిమిటి.

"ఇంక కాలే. ఎక్కకు, ఆగు," అన్నాను. మా ఆఖరి మాటలవే.

ఆయన ఆర్మూర్‌లో లైన్‌మన్. కరెంటు బంద్ చేశామని సబ్‌స్టేషన్ వాళ్లు "క్లియర్" అంటేనే స్తంభం ఎక్కాలి. లేకుంటే కిందికి దింపేది శవాన్నే. ఆ భయంతో ఇంట్లో ఫ్యాను వేయాలన్నా నన్ను అడిగేవాడు. నాకు కోపమొచ్చిన రోజు గడప అవతలే నిలబడి అడిగేవాడు.

ఒకసారి పెర్కిట్‌లో స్తంభం కింద నిలబడి, సబ్‌స్టేషన్‌కు బదులు పొరపాటున నాకు ఫోన్ కొట్టాడు.

"లైన్ క్లియరా?"

మా అమ్మ ఊరికి పోయిందా అని అడుగుతున్నాడనుకున్నాను.

"క్లియరే. బస్సెక్కిచ్చిన. చికెన్ పట్కరా."

అవతల నుంచి ఒక్కసారిగా అరిచాడు.

"లారీల మోతల నీ గొంతు తెల్వలేదే! చికెన్ అనకుంటే ఎక్కుతుంటి!"

చికెన్ అయితే తెచ్చాడు. ఆ భయం తీరక ఇద్దరం కూర సగం నేలపాలు చేశాం.

క్లియర్ అనకుండా ముప్పయ్యేళ్లలో ఒక్క స్తంభమూ ఎక్కని మనిషి, దవాఖానలో ఆ రోజు మాత్రం నా మాట వినకుండానే పోయాడు.

రాసినవా, మనవరాలా? జర చదివి వినిపియ్యి. "కాలే, ఆగు" అన్నకాడ గట్టిగ చదువు. మీ తాతకు సరిగ వినబడలేదేమో.