కళ్ళజోళ్ళ కొట్లో సముద్రపు రాళ్ళు

బాగా కుదిరిన దాన్ని మనిషి మళ్ళీ ఎందుకు కదుపుతాడు?

ఈ ప్రశ్న నాకు మా ఆడపడుచు వల్ల పుట్టింది. ఆమెను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తను వేరే ఊళ్ళో ఉంటుంది. ఫోన్లో మాట్లాడుకుంటాం, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయంటే నీ నడుము ఎలా ఉందనుకుంటాం, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. నాకు నేను చెప్పుకున్న జవాబులు చాలానే ఉన్నాయి. పొద్దున సరిగ్గా సరిపోయిందనుకున్నది సాయంత్రానికి వదులైపోతుంది.

ఆమె మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. చిన్నప్పుడు ఒకచోట కూర్చుని అన్నం తిన్న పిల్ల కాదట. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటే అని వాళ్ళమ్మ విసుక్కునేదట. మా ఆయన అందులోంచి పిల్లిని ఒక్కదాన్నే ఉంచుకున్నాడు. ఆమెకు యాభై దాటాక కూడా "పిల్లీ" అనే పిలిచేవాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. బట్టల దుకాణంలో అద్దాల వెనక బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టే పని కొన్నాళ్ళు, మొక్కల నర్సరీలో కొన్నాళ్ళు. అద్దె గదులు మారుతూ ఉండేది. గది మారనప్పుడు గదిలో మంచం మారేది. ఒక గది వదిలి ఇంకో గది దొరికేలోగా రెండు సంచులతో మా ఇంట్లో దిగేది. దిగిన మర్నాటికల్లా నా వంటింట్లో డబ్బాల వరస తారుమారు.

"ఉప్పెక్కడ పెట్టావే?" అని నేను వెతుక్కుంటూ అరిస్తే, "చెయ్యి చాపితే అందేచోట. ఇన్నాళ్ళూ వంగి తీసుకుంటున్నావు. నీ నడుముకి నేనే దిక్కు వదినా" అనేది.

చాపితే నిజంగానే అందేది. అది నాకు అలవాటయ్యేలోగా ఉప్పు ఇంకోచోటికి వెళ్ళిపోయేది.

చివరికి రంగుచేపల దుకాణంలో చేరింది. అక్కడ ఉప్పునీటి తొట్టెల్లో రాళ్ళు పేర్చడం ఆమె పని. సముద్రపు గుల్లరాళ్ళు అవి, ఒళ్ళంతా చిల్లులు, చేత్తో పట్టుకుంటే అరచెయ్యి గీరుకుపోతుంది. వాటిని గాజు తొట్టెలో, చూసినవాడికి ఎవరో పేర్చారని తోచకుండా పేర్చాలి. వరసగా పెడితే ప్రహరీగోడ అవుతుంది. మధ్యలో పోగేస్తే చెత్తకుప్ప అవుతుంది. రెండు వైపులా సమానంగా పెడితే ద్వారపాలకులు నిలబడ్డట్టుంటుంది. రాళ్ళ మధ్య నీళ్ళు తిరగాలి, చేపకు దూరడానికి చీకటి సందు ఉండాలి, అద్దం తుడిచే చెయ్యి పట్టాలి. పెద్దరాయి ఇసక మీద కాదు, అడుగు గాజు మీదే ఆనాలి. ఇసక తరవాత చుట్టూ పొయ్యాలి. లేకపోతే ఏ రొయ్యో కింద గుంత తవ్విందంటే రాయి ఒరిగి అద్దం మీద పడుతుంది. ఇవన్నీ అన్నం తింటూ చెప్పేది. మధ్యలో లేచి వెళ్ళి కిటికీ తలుపు ఇంకాస్త తెరిచి వచ్చేది.

ఆ దుకాణానికి నాలుగు వీధుల అవతల కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. దాని యజమాని నెమ్మదైన మనిషి, భార్య పోయి చాలా ఏళ్ళయింది. మాట్లాడేముందు తన కళ్ళజోడు తీసి తుడుచుకునే అలవాటు. వంతు కోసం ఎదురుచూసేవాళ్ళ కుర్చీల పక్కన, రెండు దిండ్లు పక్కపక్కన పెట్టినంత చిన్న తొట్టి ఒకటి పెట్టించాలనుకున్నాడు.

"చదువుకోడానికి పత్రికలు పెట్టొచ్చు కదా?" అని మా ఆడపడుచు అడిగిందట.

"కళ్ళు కనపడకే కదండీ నా దగ్గరికి వచ్చేది. పత్రికలేం చేసుకుంటారు? రంగులైతే మసగ్గానైనా కదుల్తుంటాయి."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పింది. మా ఆయన నావైపు చూసి కనుబొమలెగరేశాడు.

తొట్టి పని మొదలయ్యాక కొన్నాళ్ళకి ఆ పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. కళ్ళజోడు తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"ఆవిడకి ఇష్టమైతే... మేమిద్దరం పెళ్ళి చేసుకుందామని. ఈ వయసులో ఇదేమిటని మీరనుకోకపోతే."

"మేమేమీ అనుకోం. ఏమే, ఏమంటావ్?" అన్నాడు మా ఆయన, పెద్దరికం కంటే సంతోషమే ఎక్కువైపోయి.

ఆమె అప్పటికే లేచి గోడ మీది పటం సరిచేస్తోంది. అది వంకరగా ఏమీ లేదు. "ముందు మీ తొట్టి కుదరనివ్వండి సార్. అది కుదిరిన రోజు చెప్తాను" అంది.

అందరం నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో కుదరడమనే మాటకు రెండర్థాలు. సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే "కుదిరిందా?" అని మా ఆయన గుమ్మంలోనే అడిగేవాడు. "కుదర్లేదన్నయ్యా" అనేది. ఆయన అడిగింది పెళ్ళి. ఆమె చెప్పింది రాళ్ళ సంగతి. లేక ఆమె చెప్పిందీ పెళ్ళి సంగతేనేమో.

తనకి ఇష్టం లేక కాదు. నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, నా చేతిలో పుస్తకం లాక్కుని, పేజీలు వేగంగా తిప్పి మళ్ళీ ఇచ్చేస్తూ అంది: "ఆ సంచులు చూసినప్పుడల్లా విసుగొస్తోంది వదినా. వాటిని విప్పేసి, ఉతికి, ఇంకెవరికైనా ఇచ్చెయ్యాలనుంది. ఆయన ఇంట్లో గదులు చూశావా? వెలుతురు బావుంటుంది."

"అయితే సరేనని చెప్పరాదూ?"

"చెప్తా. ఆ పెద్దరాయి ఒక్కటీ మాట వినట్లేదు."

ఆ పెద్దరాయి మా భోజనాల బల్ల మీదికే వచ్చి కూర్చుంది. తొట్టి కొలతకు అట్టపెట్టె కోసి, అందులో ఇసక పోసి, రాళ్ళు ముందు పొడిగా పేర్చి చూసుకునేది. సుత్తీ ఉలీ పెట్టి మూలలు కొడితే తెల్లటి పొడి మంచినీళ్ళ గ్లాసుల్లో పడేది.

"ఇది భోజనాల బల్లా, సముద్రమా తల్లీ?" అన్నాను.

"రెండూ కాదు వదినా. పెళ్ళిచూపులు. రాయికీ రాయికీ."

"వాటికి నెల తిరక్కుండా విడాకులు కూడా నువ్వే ఇప్పిస్తున్నావ్" అన్నాడు మా ఆయన, కంచం ఒళ్ళో పెట్టుకుని. "ఆ కళ్ళజోళ్ళాయన నీకు ఎప్పటికీ సారేనా, ఎప్పటికైనా ఏమండీ అవుతాడా?"

"నువ్వు తిను అన్నయ్యా. మెతుకులు కింద పోస్తున్నావ్."

కొట్లో నీళ్ళు పోసి రాళ్ళు దించాక నేనూ వెళ్ళి చూసేదాన్ని. నా కళ్ళజోడు మరమ్మతని ఒక సాకు ఉండేది. మొదటిసారి పేర్చినప్పుడే నాకు ముచ్చటేసింది. కొత్త కళ్ళజోడు అప్పుడే పెట్టుకున్న ఒక ముసలమ్మ తొట్టి ముందు వంగి, "అచ్చం సముద్రం అడుగేనమ్మా!" అంది.

"మీరు చూశారా మామ్మగారూ సముద్రం అడుగు?" అంది మా ఆడపడుచు.

"ఇందాకటిదాకా గోడ మీద గడియారమే చూళ్ళేదు, సముద్రం ఎక్కడ చూస్తానే!"

కొట్టంతా నవ్వింది. మా ఆడపడుచూ నవ్వింది. నవ్వుతూనే మోచేతుల దాకా కుర్తా చేతులు పైకి మడిచి, చెయ్యి ముంచి, పైరాయి తీసేసింది. ఇసక లేచి నీళ్ళు పాలల్లే అయిపోయాయి.

ఆ తొట్టెలో రొయ్యతో కాపురం చేసే ఓ చిన్న చేప ఉండేది. రొయ్య గుంత తవ్వుతుంది, చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. ఆమె రాళ్ళు పీకినప్పుడల్లా ఆ రెండూ మూలకు పోయి నక్కేవి. నీళ్ళు తేరుకున్నాక మళ్ళీ మొదట్నించీ తవ్వుకునేవి. "ఆ చేప మారినన్ని అద్దె కొంపలు నువ్వు కూడా మారలేదే పిల్లీ" అనేవాడు మా ఆయన.

ఒకసారి నా ఎదురుగానే కళ్ళజోళ్ళాయనకీ ఆమెకీ మాట పెరిగింది. మాట పెరిగిందంటే ఆమె వైపు నుంచే.

"బాగానే ఉంది కదండీ?" అన్నాడాయన, తేరుకుంటున్న నీళ్ళలోకి చూసి.

"మీకు నిన్నటిదీ బాగానే ఉంది."

"నిన్నటిదీ బాగుందండీ."

"మొన్నటిది?"

"అదీ..."

"ఈ లోకంలో మీకు బాగోనిది ఏదైనా ఉందా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "మీ చేతులు ఇలా ఉప్పునీళ్ళకి పగిలిపోవడం బాగోలేదండీ" అన్నాడు.

ఆమె తన చేతులవైపు చూసుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా చీలి ఉంది. ఆ పూట ఇంకేమీ కదపలేదు. ఇంటికి వస్తూ వీధి చివర అకస్మాత్తుగా, "మంచి మనిషి వదినా" అని, అడుగు వేగం పెంచేసింది. నేను వెనకబడిపోయాను.

చివరికి ఒకనాడు కుదిరింది. పెద్దరాయి ఎడమవైపుకు ఒరిగి భుజం ముందుకు పెట్టింది. దాని వెనక నుంచి చిన్నరాయి ఒకటి తొంగిచూసింది. రెండింటి మధ్య చీకటి సందు. ముందు వెడల్పుగా ఉన్న ఇసక వెనక్కి పోయేకొద్దీ సన్నబడి, రాళ్ళ చాటుకు తిరిగిపోయింది. రెండు దిండ్లంత తొట్టి, లోపల ఎంత దూరముందో చెప్పలేనట్టయింది. వరసలో కూర్చున్నవాళ్ళు పిలిచినా లేవలేదు. ఆమె తడి చేతులు గాల్లోనే పెట్టుకుని నిలబడింది.

"ఎవరో పెట్టినట్టు లేదు కదూ వదినా?"

"లేదే. అలా పుట్టినట్టుంది."

"అవును" అంది. ఇంకోసారి, నెమ్మదిగా, "నేను పెట్టినట్టే లేదు" అంది.

వెళ్ళేటప్పుడు ఆయనతో, "రేపు పొద్దున వస్తాను సార్. వచ్చి చెప్తాను" అంది. ఆయన చేతిలో ఉన్న బుల్లి స్క్రూ కిందపడితే ఇద్దరూ వంగి వెతికారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక కుర్చీ కూడా ఉన్నచోట ఉండలేదు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆయన కళ్ళజోళ్ళాయనకి ఫోను చేశాడు. "బావగారూ, ఇదే అదను. ఆ రాళ్ళు అతికించి పారెయ్యండి. లేకపోతే రేపొచ్చి మళ్ళీ పీకుతుంది, మీరు మళ్ళీ ఎదురుచూపులు" అని పెద్దగా నవ్వాడు. అవతల నవ్వు వినపడలేదు. ఆయన దేన్నీ వేళాకోళంగా తీసుకోగల మనిషి కాదు.

పొద్దున నేనూ ఆమెతో వెళ్ళాను. తనే రమ్మంది. దారిలో, "అవునని చెప్పేస్తాను. గుమ్మంలోనే చెప్పేస్తాను, లోపలికెళితే ఏదో ఒకటి కనపడుతుంది" అంది. గుమ్మంలో చెప్పలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. "కూర్చోండి చెల్లెమ్మగారూ" అని నాకు కుర్చీ జరిపాడు.

ఆమె కళ్ళు తొట్టి మీదికి పోయాయి.

"చెప్తాను సార్, ఒక్క నిమిషం. ఆ చిన్నరాయి వేలెడు వెనక్కి జరిపితే..."

చెయ్యి ముంచింది. చిన్నరాయి రాలేదు. పట్టు మార్చి లాగింది. పెద్దరాయి భుజం పట్టుకుంది. అదీ రాలేదు.

"ఇంక కదలదండీ" అన్నాడాయన. మొహం వెలిగిపోతోంది. "నీళ్ళలోనే గట్టిపడే లప్పం ఉంది కదా, నిన్న మీ దుకాణం మూసేలోపల పరిగెత్తి తెచ్చాను. రాళ్ళు కలిసేచోటల్లా పెట్టాను. మీరు పెట్టింది పెట్టినట్టే, వెంట్రుకంత తేడా రానివ్వలేదు. ఇంక మీరు చేతులు పాడుచేసుకోనక్కర్లేదు."

ఆయన వేళ్ళ మీద గీతలు ఎర్రగా కనపడుతున్నాయి. జీవితంలో మొదటిసారి ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టిన మనిషి వేళ్ళవి.

ఆమె ఇంకోసారి, ఈసారి అడుగు నుంచి ఎత్తి చూసింది. మొత్తం దిబ్బ ఒక్కముద్దగా కొంచెం లేచి, అలాగే కూర్చుంది. చేప గుంతలోకి దూరింది. ఆమె చెయ్యి బయటికి తీసింది. నీళ్ళు మోచేతి నుంచి నేల మీదికి కారుతున్నాయి.

"బాగుంది సార్" అంది.

ఆ మాట ఆమె నోట ఆ తొట్టి గురించి నేనెప్పుడూ వినలేదు. ఆయన నావైపు చూసి నవ్వాడు. అంతలో వరసలో వాళ్ళెవరో పిలిస్తే కంటి పరీక్ష గదిలోకి వెళ్ళాడు. "వచ్చేస్తానండీ, వెళ్ళకండి" అన్నాడు తెర పక్కకు లాగుతూ.

నేను పుస్తకం తెరిచాను. ఆమె ఊరికే ఉండలేదు. అద్దం తుడిచింది. పంపు గొట్టం సరిచేసింది. ఉప్పు పేరుకున్న అంచులు గోకింది. పాతనీళ్ళు కొంత బకెట్లోకి తోడి, కొత్తనీళ్ళు చుక్కచుక్కగా పోసింది. ఇసక పొంగనివ్వలేదు. ఇంత ఓపిగ్గా చేస్తోందంటే చెప్పే మాట కూడబలుక్కుంటోందనుకున్నాను. తెర వెనక నుంచి ఆయన గొంతు వినపడుతోంది: "ఇదా బాగుంది, ఇదా? తొందరేం లేదు, మళ్ళీ చూడండి."

ఆమె బకెట్ ఎత్తుకుని నా ముందు నుంచి బయటికి నడిచింది. నేను కాళ్ళు దగ్గరికి తీసుకుని దారిచ్చాను. కళ్ళజోళ్ళు వేలాడదీసిన కిటికీలోంచి కనపడుతూనే ఉంది. పాతనీళ్ళు కాలవలో వంపింది. బకెట్ ఆరేలా గోడకు ఆనించి బోర్లించింది. తడి చేతులు బట్టలకు తుడుచుకుంది. లోపలికి చూడలేదు. మడిచిన కుర్తా చేతులు మోచేతుల మీద అలాగే ఉండగా వీధి ఎగువకు నడిచింది. మొదట మామూలుగా, తరవాత తొందరగా.

లేచి పిలవాలనుకున్నాను. చేతిలో పుస్తకం మూశాను.

"చెల్లెమ్మగారూ, టీకి చెప్పమంటారా?" అన్నాడాయన తెర వెనక నుంచే. "ముగ్గురికీ?"

ఆమె అప్పటికే మలుపు తిరిగిపోయింది.