అద్దం ముందు ఏడుపు

ఎనభైల నాటి మాట. పర్ణశాల అనే ఊళ్లో కిరాయి గదిలో ఒంటరిగా ఉంటూ పత్రికల్లో కథలకు బొమ్మలు వేసేవాణ్ణి. చూసి గీయడానికి ఎదుట కూర్చునేవాళ్లు లేక, ఏ పాత్రనైనా అద్దం ముందు నేనే నటిస్తూ పెన్సిల్‌తో చిత్తుబొమ్మ గీసి, ఆపైన ఇంకు పెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, కొడుకు పోయిన తల్లిని గీయాలి. తలమీద దుప్పటి కప్పుకుని ఏడుపు ముఖం పెట్టాను. కిటికీలోంచి చూసిన ఇంటి ఓనరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏంది బిడ్డా, ఇంట్ల ఎవరన్న పోయిన్రా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "బొమ్మ కోసమమ్మా."

ఆమె కొంగు కప్పుకుని నా ఎదుట కూర్చుంది. "నన్ను జూసి గియ్యి. గిట్ల ఒక్కనివే ఏడువకు."

ఆమెకు ఏడుపు రాలేదు. గీస్తున్న నాకొచ్చింది.

ఇంకు పెట్టేటప్పుడు ఆ ముఖం మార్చబుద్ధి కాలేదు. అచ్చయిన బొమ్మలో తల్లి ఏడవదు, ఎదుటివాణ్ణి ఓదారుస్తున్నట్టు చూస్తుంది.