జారిందా, తట్టుకుందా

లాడ్జి వెనక గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడను అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వారా అని ఆలోచించే మనిషి. భర్త పోయాక కొడుకును ఒంటిచేత్తో పెంచింది. ఆ రోజుల్లో తియ్యగా మాట్లాడినవాళ్లే ఆమెను నిండా ముంచారు.

ఒకరోజు దుప్పట్ల మోపుతో వరండాలో నడుస్తుంటే చిరిగిన కార్పెట్ అంచు కాలికి తగులుకుని బోర్లా పడింది. మణికట్టు విరిగింది.

మర్నాడు మేనేజరు పళ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఏనాడూ "తిన్నావా" అని అడిగిన పాపాన పోనివాడు! అతి వినయం ధూర్త లక్షణం అనుకుంది అక్క. అతను అక్కడే కూర్చుని యజమానితో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాడు. "స్లిప్" అన్న మాట మాటిమాటికీ వినబడింది.

"కాలు తట్టుకుందని చెప్పారా బాబూ?"

"అదేనమ్మా, స్లిప్ అంటే. రెండూ ఒకటే."

ఒకటే అయితే అంత ఒత్తి పలకడం దేనికి? అతను గడప దాటగానే, కళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసే కోడలిని అడిగింది.

"స్లిప్ అంటే జారడం అత్తయ్యా. ట్రిప్ అంటే కాలికి ఏదో తట్టుకుని పడటం."

"అంటే నేను కాలు జారానని టముకేస్తున్నాడా వీడు!"

కోడలు నవ్వు ఆపుకుంది. "ఆ జారడం కాదులెండి. జారారంటే నేల తడిగా ఉన్నట్టు, తప్పు తుడిచే ఆవిడది. తట్టుకున్నారంటే కార్పెట్ మార్చని మేనేజరుది."

తుడిచే ఆవిడకూ అక్కకూ ఏడాదిగా మాటల్లేవు. తన సబ్బుపొడి ఆవిడే తీస్తోందని అక్క అనుమానం. ఆవిడ పని ఊడితే పీడా పోతుందని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ఆ వేళ నేల పొడిగా ఉంది. కింద పడ్డ దుప్పట్లకు చుక్క తడి అంటలేదు.

చేతికి కట్టుతోనే లాడ్జికి వెళ్లింది. యజమాని వచ్చి ఉన్నాడు. ఆయనకు తెలుగు రాదు. తుడిచే ఆవిడ గోడవారగా తల దించుకుని నిలబడి ఉంది. మేనేజరు నోరు తెరవబోయాడు.

"మీరుండండి బాబూ," అని అక్క యజమాని వైపు తిరిగింది. "నో స్లిప్. ట్రిప్."

ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లి, చిరిగిన అంచును కాలితో లేపి చూపించింది. మేనేజరు ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రమే కార్పెట్ మారింది. తుడిచే ఆవిడ పని నిలిచింది.

ఆదివారం ఆవిడ అక్క ఇంటికి వచ్చి, అడక్కుండానే అంట్లు తోమింది. అక్క ఒక్కో గిన్నే ఎత్తి వెలుతురులో పరీక్షగా చూసింది.

"బాగానే తోమావు. టీ కూడా నువ్వే పెట్టు, నాకు చెయ్యాడదు."

టీ వచ్చింది. ఆవిడ రెండు గుక్కలు తాగేదాకా అక్క మాత్రం కప్పు ముట్టుకోలేదు.