మనవరాలు రాసిన నా చావు వార్త

మిషన్ వాళ్ల కాలేజీలో పత్రికల చదువు చదువుతున్న మా మనవరాలు సుగుణ, సెలవులకని నిన్న కాజీపేటలో రైలు దిగి ఇంటికి వచ్చింది. ఈ రోజు మధ్యాహ్నం దాని నోటుపుస్తకం తెరిస్తే, నేను చనిపోయినట్టు తెలుగులో వార్త రాసి ఉంది. పుస్తకం పట్టుకుని దాని దగ్గరికి పరుగెత్తాను.

"ఫికర్ చెయ్యకు బాపమ్మా. మనిషి బతికుండంగనే ఇసొంటి వార్త రాసిపెట్టుకుంటరు పేపరోళ్లు. ఇంట్ల ఒకరి మీద రాసుకరమ్మన్నడు మా సారు" అంది సుగుణ.

మనసు గట్టి చేసుకుని, కూడబలుక్కుంటూ చదివాను. 'ఆమెకు చదువు రాదు' అన్న చోట ఆగిపోయాను.

"మరి ఇప్పుడు ఇది చదివేదెవరే? మీ నాయిన పలక మీద దిద్దుతుంటే పక్కన కూసొని నేర్చుకున్న. రాసే ముందు మనిషిని అడగాలని చెప్పరా మీ కాలేజీల?"

దాని మొహం చిన్నబోయింది. ఆ మాట కొట్టేసి, 'కొడుకు పలక చూసి చదువు నేర్చుకుంది' అని రాసింది.

మీ గురించి మీ పిల్లలు ఏం రాస్తారో మీరూ ఇప్పుడే అడిగి చూడండి, తప్పుంటే దిద్దించుకోవచ్చు. నా వార్తలో ఇక తప్పేమీ లేదు. తేదీ కోసం వదిలిన ఖాళీని మాత్రం అప్పటి నుంచీ మళ్లీ మళ్లీ చూస్తున్నాను.