శుభ్రం గారి యాప్

యాప్‌లు తయారుచేసే ఆ ఆఫీసులో అందరూ అతన్ని శుభ్రం గారు అనేవాళ్లు. తెర మీద ఒక్క గీత ఎక్కువైనా అతనికి అన్నం సయించేది కాదు. మనుషుల్ని ఊరికే ప్రశ్నలడిగి విసిగించకూడదు, వాళ్ల మాటలు మనం దాచుకోకూడదు అని కొత్తగా చేరినవాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ఆ పట్టింపుతోనే రెండు ఉద్యోగాలు వదులుకున్న మహానుభావుడు మరి.

ఇంట్లోవాళ్ల కోసం సొంతంగా ఒక యాప్ కూడా రాశాడు. అందులో గొంతుతో కబురు పంపుకోవచ్చు. ఒకసారి వింటే చెరిగిపోతుంది, ఎక్కడా నకలు మిగలదు. కావాలన్నా తాను కూడా తీయలేనని మురిసిపోయేవాడు. "మాట్లాడిందంతా గాలికి పోయేదానికి నేనెందుకురా గొంతు చించుకోవడం?" అని అమ్మ దెప్పేది. కొడుకు చేశాడు కదాని రోజూ అందులోనే మాట్లాడేది.

అమ్మ పోయిన నెలకు అక్క వచ్చి తన ఫోన్ అతని చేతిలో పెట్టింది. అమ్మ పంపిన ఆఖరి కబురు అందులో వినకుండా ఉండిపోయింది. ఆ వారం తల్లీకూతుళ్లకి మాటా మాటా పెరిగి అక్క అలిగింది. కోపం తగ్గాక విందామనుకుంది. ఈలోగా అమ్మే లేకుండా పోయింది.

"వింటే పోతుంది కదరా, అందుకే ముట్టుకోలేదు. తిట్టిందో, పోనీలే అందో తెలియదు. ఇంకో ఫోన్ పక్కన పెట్టి వింటే రికార్డవదూ?"

చేయాల్సింది సరిగ్గా అదే. పసిపిల్లలకైనా తట్టే ఉపాయం. శుభ్రం గారికి మాత్రం నచ్చలేదు.

"ఫ్యాను చప్పుడూ, రోడ్డు మీద హారన్లూ కలిసిపోతాయక్కా. అమ్మ గొంతు అలా వద్దు. శుభ్రంగా తీసిస్తాను. రాసింది నేనే కదా."

"సరేలే, నీకే తెలియాలి" అని అక్క టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

వినగానే చెరిపేసే భాగం తీసేసి యాప్‌ని కొత్తగా తయారుచేశాడు. ముందు తన ఫోన్‌లో ఎక్కించి, తన గొంతే రికార్డు చేసి విని చూశాడు. చెరగలేదు. అతని ఫోన్‌లో అమ్మవి ఏవీ లేవు. అన్నీ ఎప్పటికప్పుడు, ఏదో పని చేసుకుంటూ సగం సగం విని వదిలేశాడు.

అక్క ఫోన్‌లో ఎక్కించాడు. తెర తెల్లగా వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్తది ఎక్కేటప్పుడు పాతవన్నీ తుడిచెయ్యాలని, ఎవరి మాటా ఎవరికీ చిక్కకూడదని, ఎప్పుడో తనే రాసి మరిచిపోయాడు. తన ఫోన్‌లో తుడవడానికి ఏమీ లేక తెలియలేదు. తుడిచేముందు అడగలేదు కూడా. అడిగి విసిగించకూడదు కదా! వెతికినా దొరకదని అతనికంటే బాగా ఎవరికి తెలుసు? అయినా వెతికాడు.

అక్క కప్పులు బల్ల మీద పెట్టి ఫోన్ తీసుకుంది. ఖాళీ తెర మీద ఏం రాయాలా అని ఒకప్పుడు అతను వారం రోజులు తల బద్దలుకొట్టుకుని ఎంచుకున్న మాటలు పైకి చదివింది.

"ఇక్కడ ఏమీ లేదు. హాయిగా ఉండండి. ఇదేంట్రా?"

"పోయిందక్కా. నేనే పోగొట్టాను."

అక్క ఫోన్ బల్ల మీద పెట్టి, ఒక కప్పు అతని ముందుకు జరిపింది.

"తిట్టి ఉన్నా బాగుండేదిరా" అంది. "వినేదాన్ని."